ఎన్నేళ్ళాయన – అద్దె కార్ల బేరం

ఎన్నేళ్ళాయనకు ఉన్నది ఒకే ఒక్క జబ్బు. కంటబడిన ప్రతిదాని వయసూ అడుగుతాడు. మనిషైనా సరే, మంచమైనా సరే, మూలనున్న చీపురైనా సరే, ముందు "ఎన్నేళ్ళు?" అని తేల్చుకున్నాకే మిగతా సంగతి. కుశలప్రశ్నలు, మర్యాదలు, కాఫీలు అన్నీ ఆ తర్వాతే. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఆయనకు ఉండే ఉంటుంది. అది జీతాల విభాగం వాళ్ళకు తెలిసే ఉంటుంది. మిగతా ఆఫీసు మొత్తానికీ మాత్రం ఆయన ఎన్నేళ్ళాయనే.

ఒకసారి ఒంట్లో నలతగా ఉండి ఆస్పత్రికి వెళ్ళాడు. డాక్టరు గారు ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించి, "గట్టిగా ఊపిరి పీల్చండి" అన్నాడు.

"దీనికెన్నేళ్ళు డాక్టరు గారూ?"

"దేనికి?"

"మీ చెవుల్లో ఉన్నదానికి."

"పన్నెండేళ్ళుంటాయేమో."

"మరి ఇంకా సరిగ్గానే వినబడుతోందంటారా?"

డాక్టరు గారు మందుల చీటీ మీద రక్తపోటు ఎక్కువగా ఉందని రాశాడు. ఎవరికో రాయలేదు.

మరోసారి స్నేహితుడి కొడుకు పెళ్ళి విందుకు వెళ్ళాడు. వచ్చినవాళ్ళంతా జంట చూడముచ్చటగా ఉందంటూ ఫొటోలు దిగుతుంటే, ఈయన పెళ్ళికొడుకు భుజం తడిమి, "ఈ కోటుకెన్నేళ్ళు నాయనా?" అన్నాడు. అది అన్నగారి పెళ్ళినాటి కోటని అంతమందిలో ఆ పిల్లవాడే ఒప్పుకోవలసి వచ్చింది. పెళ్ళికూతురు ఆ ఫొటోలన్నిటిలోనూ మొగుడి వంక కాకుండా కోటు వంకే చూస్తూ ఉంటుంది.

ఆయన భార్య మాత్రం ఈ జబ్బును ఏనాడో క్షమించేసింది. ఆఫీసువాళ్ళు ఎవరైనా ఇంటికి వెళితే ఆవిడ చెప్పే కథ ఒకటుంది. "ఈయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు నా వయసు అడుగుతారేమోనని, ఒక ఏడాది తగ్గించి చెప్పమంది మా అమ్మ. ఈయన నా మొహం చూస్తే కదా! నేను కూర్చున్న సోఫా వయసు అడిగారు. మా నాన్న కంగారులో దానిక్కూడా ఒక ఏడాది తగ్గించి చెప్పారు."

ఇలాంటి మనిషి పక్క కుర్చీలోకి వచ్చి పడింది కొత్తమ్మాయి. మూడు ఇంటర్వ్యూలు పోగొట్టుకుని నాలుగో దానిలో గట్టెక్కిన పిల్ల. ఆరు నెలలు పని చూసి, నచ్చితే ఉంచుకుంటామనీ లేకపోతే దారి చూసుకోమనీ చెప్పి తీసుకున్నారు. అక్కా బావల ఇంట్లో ఉంటోంది. ఉద్యోగం వచ్చిన రోజునే బావ వీధి వీధంతా టముకు వేసేశాడు గనక, పోతే ఆ వీధిలోంచి నడవడం కూడా కష్టమే.

మొదటి రోజు ఆమె కుర్చీలో సర్దుకోకముందే పక్కనుంచి ప్రశ్న వచ్చింది.

"నీకెన్నేళ్ళమ్మా?"

"ఇరవై నాలుగు సార్."

"ఆ బ్యాగుకి?"

"రెండు."

"చెప్పులకి?"

"నిన్ననే కొన్నాను సార్."

"కరుస్తున్నాయా?"

ఆమె కాసేపు ఆలోచించి, "కరుస్తున్నాయి సార్" అంది.

"కొత్తవి కదా, కరుస్తాయి" అని ఆయన తన పనిలో పడ్డాడు.

సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వు చేరింది ఆఫీసులోనేనా, సరిగ్గా బోర్డు చూశావా?" అన్నాడు. మర్నాటి నుంచి ఆమె గుమ్మంలో కాలు పెట్టగానే, "ఇవాళ దేని వయసు తేలింది మరదలా?" అని అడగడం ఆ ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. దువ్వెన, గోడ గడియారం, క్యాంటీనులో బన్ను, ఇలా రోజుకొకటి తేలుతూనే ఉండేది. ఆమె వయసైతే వారానికొకసారి తేలేది.

"మొన్నే చెప్పాను కదా సార్. మారలేదు."

"మారిందమ్మా. వారం పెరిగింది."

ఇంతకీ ఆ ఆఫీసు చేసే పనేమిటంటే, కంపెనీలను కొనడం. తన డబ్బుతో కొంటే అందులో గొప్పేముంది? జేబులోంచి కాస్త తీసి, మిగతాదంతా బ్యాంకు దగ్గర అప్పు తెచ్చి కొంటారు. ఆ అప్పు కొన్నవాళ్ళు తీర్చరు. అమ్ముడుపోయిన కంపెనీయే తన సంపాదనతో, వడ్డీతో సహా, చచ్చీ చెడీ తీర్చుకోవాలి. అత్తసొమ్ము అల్లుడి దానం అని మనవాళ్ళు ఏనాడో అన్నదానికే కోటు తొడిగి, టై కట్టి, లెవరేజ్డ్ బైఅవుట్ అని పేరు పెట్టారు. ఇందులో ఉన్న కిటుకల్లా ఒక్కటే. ఆ కంపెనీ అప్పు తీర్చగలదా, మధ్యలో చతికిలబడుతుందా అన్నది ముందే లెక్కగట్టాలి. కొత్తమ్మాయి పనీ, ఎన్నేళ్ళాయన పనీ అదే.

వీళ్ళిద్దరి మీద ఒక డైరెక్టరు. ఆయన్ను అందరూ తొందర డైరెక్టరు అంటారు. టీ చల్లారేదాకా కూడా ఆగలేడు గనక నాలుక ఎప్పుడూ కాలే ఉంటుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అని ఆయన బల్ల వెనక గోడ మీద రాయించుకున్నాడు. అతికించేటప్పుడు తొందరపడ్డాడు కాబట్టి అది కాస్త వంకరగా ఉంటుంది.

ఒక పొద్దున ఆయన నడుస్తూనే కొత్తమ్మాయితో, "అద్దె కార్ల కంపెనీ ఒకటి అమ్మకానికొచ్చింది. కొనేద్దాం. ఫైలు నీకు పంపించా. సబ్బుల కంపెనీ కొన్నప్పుడు నేను చేసిన లెక్క. పేరు మార్చు, అంకెలు మార్చు, సాయంత్రానికిచ్చెయ్" అన్నాడు. చివరి మాట మెట్ల మీంచి వినబడింది.

ఆ ఫైలు ఆ ఆఫీసుకు కామధేనువు. సబ్బుల తర్వాత బిస్కెట్ల కంపెనీకీ, ఆ తర్వాత బడిసంచుల కంపెనీకీ పేరు మార్చి అదే వాడారు. వడ్డీ, పన్ను, తరుగుదల తీసెయ్యకముందు ఎంత మిగులుతుందో చూసి, దానితో అప్పు ఎప్పటికి తీరుతుందో అది చెప్పేస్తుంది. తరుగుదల అంటే వస్తువు పాతబడే కొద్దీ పోయే విలువ. సబ్బుల కంపెనీలో పాతబడేవి ఒకటో రెండో యంత్రాలు. వాటిని పట్టించుకోకపోయినా కొంప మునిగేదేమీ లేదు.

కొత్తమ్మాయి పేరు మార్చింది, అంకెలు మార్చింది. తీరా చూస్తే అద్దె కార్ల కంపెనీ బంగారు గుడ్లు పెట్టే బాతు! అప్పంతా ఐదేళ్ళలో తీరిపోయి, ఆ పైన వచ్చేదంతా లాభమే. డైరెక్టరు ఆనందం పట్టలేక మళ్ళీ నాలుక కాల్చుకున్నాడు. మొదటి పేజీ మీద ‘తయారుచేసినవారు’ అని ఆమె పేరే వేయించి, ఫైలును ఏది కొనాలో తేల్చే పెద్ద మేడమ్ కమిటీకి పంపించేశాడు. అచ్చులో తన పేరు చూసుకోవడం ఆమెకు అదే మొదటిసారి. ఫొటో తీసి అక్కకు పంపింది. బావ దాన్ని ఎదురింటివాళ్ళకూ, వాళ్ళ చుట్టాలకూ చూపించాడు.

అదే సంబరంతో ఎన్నేళ్ళాయనకూ చూపించింది. ఆయన లాభం వంక కన్నెత్తి చూడలేదు.

"ఈ కార్లకెన్నేళ్ళమ్మా?"

"తెలీదు సార్. ఫైల్లో ఆ గడి లేదు."

"గడి లేకపోతే వయసు రాదా? పద, చూసొద్దాం."

కార్లుండే షెడ్డు ఊరి చివర ఉంది. నేలంతా తడి, ఎటు చూసినా నీళ్ళ గొట్టాలు, సబ్బు నురగ. గోడకు కొట్టిన పలక నిండా తాళాలు వేలాడుతున్నాయి. షెడ్డు మేనేజరు ఎదురొచ్చి, కొనబోయే దొరలు వీళ్ళేననుకుని కుర్చీలు తుడిపించాడు.

"మీకెన్నేళ్ళండీ?" అన్నాడు ఎన్నేళ్ళాయన కూర్చోకుండానే.

"నలభై రెండు సార్."

"మీ జుట్టుకి?"

షెడ్డు మేనేజరు నల్లగా నిగనిగలాడుతున్న తన తల తడుముకుని, "దానికి పదిహేను రోజులు సార్" అని సిగ్గుపడ్డాడు.

ఇక మొదలైంది. ఎన్నేళ్ళాయన ఒక్కో కారు చుట్టూ తిరగడం, తలుపు తీసి వాసన చూడడం, వెనక సీటులో కూర్చుని రెండుసార్లు ఎగరడం. వెంట కొత్తమ్మాయి, ఆ వెనక తాళాల గుత్తితో షెడ్డు మేనేజరు.

"ఇదెన్నేళ్ళది?"

"ఏడాది సార్."

"అది?"

"రెండు."

"ఆ మూలది?"

"దానికి మూడు దాటాయి సార్. వచ్చే నెల అమ్మేస్తాం."

"అదేం? బాగానే ఉందిగా?"

"భేషుగ్గా ఉంది సార్. కానీ అద్దెకి తీసుకునేవాళ్ళ సంగతి మీకు తెలీదు. ఇంటి దగ్గర తలుపు ఊడిపోయిన కారుకి తాడు కట్టుకుని తిరుగుతారు. ఇక్కడ సీటు మీద మరక కనబడితే నా ప్రాణం తీస్తారు."

"అమ్మితే ఎంతొస్తుంది?"

"సగం వస్తే పండగే సార్."

"దాని బదులు?"

"కొత్తది కొంటాం."

"ఎప్పుడూ ఇంతేనా?"

"ఎప్పుడూ ఇంతే సార్. కొంటూ ఉండటం, అమ్ముతూ ఉండటం. మధ్యలో కాస్త అద్దెకివ్వడం."

కొత్తమ్మాయికి గుండె జారి ఆ తడి నేల మీద పడినట్టయింది. తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా వేళ్ళ మీద లెక్కలు కట్టింది. ఆఫీసు కనుచూపు మేరలోకి వచ్చాక మెల్లగా అంది.

"సార్, ఫైల్లో కొత్త కార్లు కొనడానికి డబ్బే పెట్టలేదు."

"ఓహో."

"అంటే మన లెక్కలో ఆ కార్లు ఎప్పటికీ కొత్తగానే ఉంటాయి."

"అదృష్టవంతులు" అన్నాడు ఎన్నేళ్ళాయన.

మధ్యాహ్నమంతా కూర్చుని ఆమె లెక్క తిరగరాసింది. కార్లకు వయసు రానిచ్చింది, పాతవి అమ్మించింది, కొత్తవి కొనిపించింది. బంగారు బాతు కాస్తా ఈకలు పీకిన కోడిలా నిలబడింది. అప్పు తీరడం దేవుడెరుగు, మూడో ఏడు వచ్చేసరికి వడ్డీ కట్టడానికే డబ్బుల్లేవు. ఆ కాగితాలు పట్టుకుని డైరెక్టరు గదిలోకి పరుగెత్తింది.

డైరెక్టరు చూశాడు. ఆయన మొహం గోడకు వేసిన సున్నంతో పోటీపడింది.

"ఫైలు కమిటీకి వెళ్ళిపోయిందమ్మాయ్. మేడమ్ చదివేశారు. బ్యాంకువాళ్ళతో మాట కూడా అయిపోయింది."

"అయితే రేపు మీటింగులో చెప్పేద్దాం సార్."

"చెప్పు, నాకేం? కానీ మొదటి పేజీలో ఎవరి పేరుంది?"

"ఫైలు మీరిచ్చిందే కదా సార్?"

"ఇచ్చాను. గుడ్డిగా వాడమన్నానా?" అని ఆయన మళ్ళీ ఎక్కడికో తొందరగా వెళ్ళిపోయాడు.

పెద్ద మేడమ్ సంగతి తెలిసినవాళ్ళకు ఆ పిల్ల భయం అర్థమవుతుంది. దశాంశ బిందువు ఒక గడి పక్కకు జరిగినందుకు ఒకాయన్ని ఏకంగా ఇంటికి జరిపిన మహాతల్లి ఆవిడ. కొత్తమ్మాయి ఆరు నెలల గడువు ఆ నెలతో ముగుస్తుంది. ఉంచాలా, పంపాలా అన్నది తేల్చేది కూడా ఆవిడే.

ఆమె వెళ్ళి ఎన్నేళ్ళాయన దగ్గర జరిగినదంతా చెప్పుకుంది. ఆయన శ్రద్ధగా విన్నాడు. టీ పూర్తిగా తాగాడు. గ్లాసు కింద పెట్టి, "నీకెన్నేళ్ళన్నావు?" అన్నాడు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "ఇరవై నాలుగు! ఎన్నిసార్లు చెప్పాలి సార్? ఇక్కడ నా ఉద్యోగం పోతుంటే మీకు వయసులు కావలసి వచ్చాయా?"

"ఇరవై నాలుగు" అని ఒకసారి తనలో తాను అనుకుని, ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆ క్షణంలో ఆయన మీద ఆమెకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నిజం చెప్పేసి, ఉద్యోగం పోతే పోయిందనుకుని, మర్నాడు మీటింగుకు వెళ్ళింది.

మీటింగు గదిలో పొడుగాటి బల్ల. ఆ చివర పెద్ద మేడమ్. జుట్టు కాటుక నలుపు, ముడత లేని చీర, ముడత లేని మొహం. ఆవిడ పుట్టినరోజు కేకు మీద ఏ ఏడైనా ఒకే కొవ్వొత్తి ఉంటుంది. ఆవిడ వయసెంతన్న సందేహం ఆఫీసులో అందరికీ ఉంది, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. సాక్షాత్తు ఎన్నేళ్ళాయనే ఆవిడ ఎదురుపడితే నాలుక పళ్ళ మధ్య నొక్కిపెట్టి, ఆవిడ హ్యాండ్‌బ్యాగు వంక ఆశగా చూసి తప్పుకునేవాడు.

తెర మీద మొదటి పేజీ పడింది. కొత్తమ్మాయి పేరు బెత్తెడు అక్షరాల్లో కనబడింది.

"అప్పు ఐదేళ్ళలో తీరిపోతుందన్నమాట" అంది మేడమ్. "ఈ లెక్క చేసింది నువ్వేనా?"

డైరెక్టరు తన టైలో ఏదో కొత్త సంగతి కనిపెట్టినట్టు దాన్నే చూస్తున్నాడు. కొత్తమ్మాయి లేచి నిలబడింది.

"నేనే మేడమ్. కానీ అందులో ఒక..."

"మేడమ్!" అని బల్ల ఈ చివర్నుంచి వినబడింది. "మీకెన్నేళ్ళు?"

ఒకాయన నోటిదాకా ఎత్తిన నీళ్ళ గ్లాసు అక్కడే ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తొందర డైరెక్టరు కూడా కదలకుండా కూర్చున్నాడు.

"ఏమన్నారు?"

"వయసు మేడమ్. మీది."

"మీకు మతి ఉండే మాట్లాడుతున్నారా?"

"ఉంది మేడమ్. పోనీ, మీ కారుదైనా చెప్పండి."

"నాలుగేళ్ళు! అయితే ఏంటి?"

"ఇప్పుడమ్మితే కొన్న ధర వస్తుందా?"

"సగం కూడా రాదు. మొన్ననే అడిగి చూశాను" అంది మేడమ్. కోపంలో ఉన్న మనిషికి అబద్ధం తట్టదు.

"మనం కొనబోయే కంపెనీ నిండా కార్లే మేడమ్. ఈ ఫైల్లో మాత్రం వాటికి వయసు రాదు."

మేడమ్ కాగితాలు తిరగేసింది. ఆవిడ కోపిష్ఠిదే గాని తెలివితక్కువది కాదు. రెండో పేజీలో ఆగింది, నాలుగో పేజీలో కళ్ళజోడు తీసింది.

"కొత్త కార్లు కొనే ఖర్చేదీ?"

"లేదు మేడమ్. ఇది సబ్బుల కంపెనీ లెక్క, పదకొండేళ్ళ నాటిది. ఊళ్ళో ప్రతిదాని వయసూ అడిగేవాణ్ణి, మన ఫైలు వయసు అడగడం మర్చిపోయాను. తప్పు నాది. ఈ అమ్మాయి నిన్న షెడ్డుకొచ్చి పట్టుకుంది, సరిచేసిన లెక్క తన దగ్గరుంది. తిట్లన్నీ నాకిచ్చి, లెక్క మాత్రం తనని చెప్పనివ్వండి."

"మీకిప్పుడు ఎన్నేళ్ళో గుర్తుందా?" అంది మేడమ్. గొంతు చల్లగా ఉంది. "ఈ నెలాఖరుకి రిటైరవుతున్నారు. ఇంకో రెండేళ్ళు ఉంచమని మీరు పెట్టుకున్న కాగితం ఇదిగో, నా ముందే ఉంది. సంతకం పెడదామని తెచ్చుకున్నాను."

"తెలుసు మేడమ్. లోపలికి రాగానే చూశాను."

కొత్తమ్మాయికి ఆ కాగితం సంగతి అప్పుడే తెలిసింది. భయం పోయి, దాని చోట మొండితనం వచ్చింది. తెర మీదికి కొత్త లెక్క వేసింది. కార్లు ఎలా పాతబడతాయో, ఏటా ఎన్ని మార్చాలో, ఎంత అప్పయితే కంపెనీ మోయగలదో, ఎంతయితే నడుం విరుగుతుందో తడుముకోకుండా చెప్పింది. చివర్న డైరెక్టరు గొంతు సవరించుకుని, "నేనూ సరిగ్గా ఇదే చెబుదామనుకుంటున్నాను" అన్నాడు. ఎవరూ తల తిప్పలేదు.

"ఆ ధరకి వద్దు. అప్పు సగానికి తగ్గించి, బేరం మళ్ళీ మొదలుపెట్టండి" అంది మేడమ్ లేస్తూ. "అమ్మాయ్, వచ్చే నెల నుంచి ఈ పని నువ్వే చూడు. మీరు మాత్రం ఆగండి."

మీరు అన్నది ఎన్నేళ్ళాయన్ని. తలుపు మూసుకుంది. బయట వరండాలో కొత్తమ్మాయి గోడకు అంటుకుని నిలబడింది. ఉద్యోగం నిలిచినందుకు సంతోషించాలని మధ్యమధ్య గుర్తొస్తోంది గాని, చేతకావడం లేదు. తలుపు అద్దంలోంచి మేడమ్ చెయ్యి పైకీ కిందికీ ఆడటమూ, ఎన్నేళ్ళాయన బుద్ధిగా తలూపడమూ కనబడుతున్నాయి. చాలాసేపటికి ఆయన బయటికొచ్చాడు.

"ఏమన్నారు సార్?"

"చాలా అన్నారమ్మా. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి."

"ఎందుకు సార్ అలా అడిగారు? మీ కాగితం అక్కడే ఉందని తెలుసుగా?"

"పాత కారుకి గీత పడిందనుకో, ఎవరు చూస్తారు? ఉన్న గీతల్లో అదొకటి. కొత్త కారుకి పడితే అమ్మేదాకా కనబడుతుందమ్మా. నీకు ఇరవై నాలుగు, నాకు యాభై ఎనిమిది. గీత ఎవరికి పడాలో లెక్కేసుకున్నాను."

"అందుకా నిన్న మళ్ళీ నా వయసు అడిగారు?"

"లెక్క వేసేముందు అంకెలు సరిచూసుకోవద్దూ?"

ఆమెకు ఆ మనిషి మీద ఒక్కసారిగా చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. నిన్న ఆయన్ని మనసులో తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంది. అవి కాస్త ఎక్కువే ఉండటంతో ఆ పనికి కొంత సమయం పట్టింది.

"మరి మీ కాగితం?" అంది భయంభయంగా.

"సంతకం పెట్టారు. రెండేళ్ళు. కాకపోతే ఒక షరతు. ఈ భవనంలో ఇకమీదట మనిషిది గాని వస్తువుది గాని వయసు అడగకూడదట. రాయించి మరీ తీసుకున్నారు."

"అయ్యో! ఇంతకీ ఆవిడ వయసు చెప్పారా?"

"చెప్పారు."

"ఎంత సార్?"

"అది ఎవరికీ చెప్పకూడదన్నది రెండో షరతు."

ఇద్దరూ నవ్వుకుంటూ నడుస్తుంటే, ప్రింటర్లు బాగుచేసే ఆయన ఎదురొచ్చాడు. ఆయన తోసుకొస్తున్న బండి మీద ఒక భారీ యంత్రం కిర్రుకిర్రుమంటోంది. రంగు వెలిసిపోయింది, మూతకు రబ్బరు బ్యాండు వేసి ఉంది. ఎన్నేళ్ళాయన నడక ఆగిపోయింది. పెదవులు బిగించాడు, చెవులు ఎర్రబడ్డాయి. పాపం, గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు. రెండేళ్ళు ఇలాగే బతకాలి కాబోలు అనుకున్నట్టు గట్టిగా నిట్టూర్చాడు.

కొత్తమ్మాయికి చూడబుద్ధి కాలేదు. షరతు రాసిచ్చింది ఆయన గాని తను కాదు కదా. రెండడుగులు ముందుకు వేసి, బండికి అడ్డంగా నిలబడింది.

"ఏవండీ, దీనికెన్నేళ్ళు?"

"ఇదా? పందొమ్మిదేళ్ళమ్మా" అన్నాడు ఆయన చెమట తుడుచుకుంటూ.

"మరి మీ బండికి?"

"అది మా నాన్నది."

ఎన్నేళ్ళాయన కళ్ళు తెరవకుండానే హాయిగా తలూపాడు. "బండి చక్రాలవి కూడా కనుక్కోమ్మా" అని గోడతో మెల్లగా అన్నాడు.